డివ్‌లో వాక్యం పదిసార్లు రావాలా? ఆ ప్లస్ ఈక్వల్స్ మాత్రం వద్దు

"డివ్‌లో ఉన్న వాక్యం పదిసార్లు రావాలంటే ఫర్ లూప్ పెట్టి, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కి ప్లస్ ఈక్వల్స్‌తో కలుపుకుంటూ పోతే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు. డివ్ అంటే వెబ్ పేజీలో ఒక పెట్టె, ఫర్ లూప్ అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ అంటే జావాస్క్రిప్ట్‌లో ఆ పెట్టె లోపలున్న హెచ్‌టీఎంఎల్ అంతా, ప్లస్ ఈక్వల్స్ (+=) అంటే ఉన్నదానికి కొత్తది కలపడం. పని జరుగుతుంది. నేనూ అలాగే చేసి పరువు పోగొట్టుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక ఫారం పేజీ చేశాను. ఒకే డివ్‌లో మూడు ఇన్‌పుట్ బాక్సులు, వాటి కింద 'ఇంకో వరుస' అనే బటన్. డెమో రోజు మా టీమ్ లీడ్ మూడు బాక్సులూ ఓపికగా నింపి బటన్ నొక్కారు. కొత్త వరుస వచ్చింది, ఆయన టైప్ చేసిందంతా మాయం! ఏమీ అనకుండా మళ్లీ నింపి, మళ్లీ నొక్కారు. ఈసారి బటన్‌లో చలనమే లేదు. కన్సోల్ (బ్రౌజర్ తప్పులు చూపించే చోటు) చూస్తే ఒక్క ఎర్రర్ కూడా లేదు. నాకు చెమటలు పట్టాయి.

తర్వాత తెలిసింది. ప్లస్ ఈక్వల్స్ అన్నప్పుడల్లా బ్రౌజర్ లోపలున్నదంతా టెక్స్ట్‌గా మార్చి, కొత్త ముక్క అతికించి, మొత్తం మళ్లీ కడుతుంది. టైప్ చేసిన అక్షరాలు, యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో తగిలించిన క్లిక్‌లు (నొక్కితే ఏం జరగాలో చెప్పే కోడ్) ఆ టెక్స్ట్‌లో ఉండవు. కనిపించేది అచ్చం అలాంటి బటనే, కానీ పాతది కాదు.

మీ పనికి లూపే అక్కర్లేదు. 2015లో జావాస్క్రిప్ట్ భాషలోకే రిపీట్ (వాక్యాన్ని చెప్పినన్ని సార్లు కాపీ చేసేది) వచ్చేసింది. టెక్స్ట్‌కంటెంట్ (డివ్‌లోని ఉత్త అక్షరాలు) చదివి ఒక వేరియబుల్‌లో దాచుకోండి, చివర ఒక స్పేస్ కలిపి రిపీట్ పది అనండి, వచ్చింది ఒక్కసారే తిరిగి పెట్టండి. దాచుకోకుండా ప్రతిసారీ డివ్ నుంచే చదివితే రెండో క్లిక్‌కి పది కాస్తా వంద అవుతాయి. ఒక్కోటి ఒక్కో లైన్‌లో కావాలంటే స్పేస్ బదులు బ్యాక్‌స్లాష్ ఎన్ (\n, కొత్త లైన్ గుర్తు) కలిపి, పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్‌లో వైట్‌స్పేస్‌కి ప్రీ-లైన్ ఇవ్వండి. డివ్‌లో బటన్ల లాంటివి ఉంటే టెక్స్ట్‌కంటెంట్ కూడా వాటిని తుడిచేస్తుంది, అక్కడ ఉన్నవాటిని కదపకుండా చివర చేర్చే అపెండ్ వాడండి.

రిపీట్ రాకముందు పది కాపీల కోసం పదకొండు గళ్ల ఖాళీ అర్రే (జాబితా) చేసి, గళ్ల మధ్య పది సందుల్లో వాక్యం పెట్టి అతికించే జాయిన్ కొట్టేవాళ్లం. ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ ఆ చిట్కా అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ ఒక్క లైన్ కోసం జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) మొత్తం పెట్టుకోమనేవాళ్లు ఇంకో రకం.

మా టీమ్ లీడ్ మాత్రం ఆ తర్వాత నా పేజీ ఏది చూపించినా ముందు ప్రతి బటన్ రెండేసి సార్లు నొక్కి చూసేవారు.