పాముకు కాళ్లు గీయడమంటే?

సందేహం: ఒక చైనా వ్యాసానికి తెలుగు అనువాదంలో “చివరి పేరా పాముకు కాళ్లు గీసినట్టుంది” అని ఉంది. ఇది మన “పాము కాళ్లు పాముకే ఎరుక” సామెతేనా?

సమాధానం: కాదండీ. మన సామెత, ఎవరి గుట్టు వాళ్లకే తెలుస్తుందన్న సందర్భంలో వాడేది. చైనావాళ్ల ‘హ్వా షె త్యెన్ జూ’ అలా కాదు. చక్కగా పూర్తయిన పనికి అక్కర్లేనిది తగిలించి, ఉన్నదీ చెడగొట్టుకోవడమని దాని అర్థం. చైనీస్‌లో ఇలాంటి నాలుగక్షరాల నుడికారాలు కొల్లలు. చాలావాటి వెనక ఒక కథ ఉంటుంది.

దీని కథ ‘జాన్‌గ్వో త్స’ అనే ప్రాచీన గ్రంథంలో ఉంది. ఛూ రాజ్యంలో ఒకాయన పూజ ముగిశాక తన కొలువులోని వాళ్లకు ఒక పాత్ర మద్యం ఇచ్చాడు. అందరూ పంచుకుంటే గొంతు తడవదు, ఒక్కడికైతే దండి. నేలమీద పాము బొమ్మ ఎవరు ముందు గీస్తే వాళ్లదే అనుకున్నారు. ఒకడు చకచకా గీసేసి, ఎడమచేత్తో పాత్ర అందుకుని, “కాళ్లు కూడా పెట్టగలను” అంటూ కుడిచేత్తో గీయసాగాడు. అవి పూర్తికాకముందే ఇంకొకడు తన పాము ముగించి పాత్ర లాక్కున్నాడు. “పాముకు కాళ్లెక్కడివి? నువ్వెలా పెడతావ్?” అని గటగటా తాగేశాడు.

ఈ కథ చెప్పిన సందర్భం నాకు కథకంటే బాగా నచ్చుతుంది. ఛూ సేనాని జావ్ యాంగ్ వెయ్ రాజ్యాన్ని ఓడించి, ఎనిమిది పట్టణాలు పట్టుకుని, అదే ఊపులో చి రాజ్యం మీదికి వచ్చాడు. క్రీ.పూ. 323 నాటి మాట. చి రాజు తరఫున వెళ్లిన చెన్ జెన్ ముందు అతణ్ణి ఒక ప్రశ్న అడిగాడు: మీ దేశంలో ఇంతటి విజయానికి దక్కే పదవికన్నా పెద్దదేది? లింగ్‌యిన్, అంటే ప్రధానమంత్రి పదవి ఒక్కటే అన్నాడు జావ్ యాంగ్. అది ఆయనకు అప్పటికే ఉంది! ఇక గెలిచినా పైకెక్కడానికి మెట్టు లేదు, ఓడితే మాత్రం ప్రాణమూ పదవీ రెండూ పోతాయి. అప్పుడు చెన్ జెన్ ఈ పాము కథ చెప్పాడు. సేనాని సైన్యాన్ని వెనక్కి మళ్లించాడు.

“వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది” దీనికి సరితూగదు. అక్కడ అనుకున్న బొమ్మే కుదరలేదు. ఇక్కడ బొమ్మ కుదిరాకే చెడింది. “అతి సర్వత్ర వర్జయేత్” కొంత దగ్గర. అనువాదకులు “పాముకు లేని కాళ్లు తగిలించినట్టు” అని రాసి ఉంటే మీకు ఈ తికమక వచ్చేది కాదు.