రాత్రివేళ ఫోన్ మోగితే

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి నువ్వు డ్యూటీ డాక్టరుగా చేరుతున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత సంతోషం కలిగిందో అంత దిగులూ పుట్టింది. రౌండ్సుకు సిస్టరును వెంటబెట్టుకొని వెళ్లాలనీ, దస్తూరీ అందరికీ అర్థమయ్యేలా ఉండాలనీ నీకు ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. నా భయమల్లా నీ ముక్కోపం గురించే. అది మన ఇంట్లో నా నుంచే నీకు సంక్రమించిందని అందరూ అంటారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి స్టాఫ్ నర్సు ఏదో చిన్న సందేహానికి నన్ను నిద్ర లేపితే, "ఇంతమాత్రం తెలియదా?" అని రోగుల ముందే కసిరాను. మరునాటి సాయంత్రం ఇంటికి వెళ్లే తొందరలో ఒక మధుమేహ రోగి కేస్ షీటులో ఇన్సులిన్ నాలుగు యూనిట్లని రాస్తూ, యూనిట్లు అన్న మాటకు బదులు అంకె పక్కనే ఇంగ్లిషు 'యూ' అక్షరం ఒకటి గిలికి వదిలేశాను. పైన మూసుకుపోయిన ఆ అక్షరం సున్నాలా కనబడి, 4 కాస్తా 40 అయింది. ఆ సిస్టరుకు అనుమానం రాకపోలేదు. ఫోను దాకా వెళ్లి, నా కసురు గుర్తొచ్చి వెనుదిరిగానని తరువాత ఆమే చెప్పింది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి, పిలిచినా పలకని స్థితిలో ఉన్న రోగికి నరంలోకి గ్లూకోజు ఎక్కించి బ్రతికించుకున్నాం. మెమో మాత్రం ఆమె చేతికి వచ్చింది. నేను నోరు విప్పలేదు.

అడగకపోవడం ఆమె తప్పేనని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 1966లో అమెరికాలో అచ్చయిన హాఫ్లింగ్ బృందం అధ్యయనం గురించి చదివాక ఆ సాకు నిలవలేదు. ముక్కూమొహం తెలియని డాక్టరు ఒకరు ఫోనులో, లేబిల్ మీది గరిష్ఠ మోతాదుకు రెట్టింపు మందు ఇమ్మంటే, 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వబోయారట. మందు హానిలేనిదే, వాళ్లను చివరి క్షణంలో ఆపారు. డాక్టరు మాటకు అంత బరువుందని తెలిసినప్పుడు, ఎదురు అడిగే వీలు కల్పించవలసింది డాక్టరే కదా తల్లీ. నా 'యూ' అక్షరం కూడా, అక్కడ ఆస్పత్రుల ప్రమాణాలను పరిశీలించి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ప్రకటించిన రాయకూడని సంక్షిప్తాల పట్టికలో చేరింది.

అందుచేత యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయి. ఫోనులో మోతాదు చెప్పినప్పుడు డ్యూటీ సిస్టరు రాసుకొని తిరిగి చదివేదాకా ఫోను పెట్టకు. ఆమె ఫోన్ చేసినప్పుడు ఇప్పుడేం జరుగుతోంది, వెనుక ఏం జరిగింది, ఆమెకేమనిపిస్తోంది, నీ నుంచి ఏం కావాలి, ఈ నాలుగూ వరుసగా విను; ఎస్‌బార్ అని మీకు నేర్పేది ఇదే, అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి. మూడోదాన్ని మాత్రం నువ్వే అడగాలి, ఎందుకంటే రాత్రంతా రోగి పక్కన ఉన్నది ఆమె, అయినా తనంతట తాను చెప్పడానికి జంకుతుంది.

నిద్రకు వెళ్లేముందు ప్రతి రాత్రీ ఆమెతో, "అనుమానం వస్తే లేపండి, కోప్పడను" అని చెప్పు. ఆ మెమో నాకు రావలసిందని ఒప్పుకోవడానికి నేను ధైర్యం కూడదీసుకొని వెళ్లేసరికి ఆ సిస్టరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది.

మొదటి నైట్ డ్యూటీ అయ్యాక ఉత్తరం రాయి. నిన్ను ఎన్నిసార్లు లేపారో అందులో ఉండాలి.

పెదనాన్న