జాయ్‌స్టిక్ కొనేముందు దాని పొట్టలో ఏముందో అడగండి

"కంప్యూటర్‌లో విమానాల ఆటకు వాడే జాయ్‌స్టిక్ రెండేళ్లకే పాడైంది, విమానం దానంతట అదే ఒక పక్కకు పోతోంది, ఈసారి బాగా మన్నేది ఏ కంపెనీది కొనాలి?" అని మీరు అడిగారు. కంపెనీల సంగతి తరువాత. ముందు ఆ "ఒక పక్కకు పోవడం" గురించి చెప్పాలి. దాని వల్ల నేను నెలన్నర పాటు మోసపోయాను.

మాది వరంగల్, ఏనుమాముల మార్కెట్టుకు దగ్గర. రాత్రి భోజనం అయ్యాక ఆటలో సెస్నా 172 అనే చిన్న విమానం తీసుకుని శంషాబాద్‌లో లేపడం, కాసేపు తిప్పి మళ్లీ అక్కడే దించడం నా అలవాటు. ఒకరోజు రన్‌వే మీద పరుగు మొదలుపెట్టగానే విమానం ఎడమకు లాగింది. ముందు ఒకే పంకా ఉన్న విమానం లేచేటప్పుడు ఎడమకు లాగడం సహజమే. పంకా తిరిగే తీరు వల్ల అలా అవుతుంది, కుడి రడ్డర్ ఇచ్చి, అంటే విమానం ముక్కును పక్కలకు తిప్పే తోక పలకను కుడికి తిప్పి సరిచేసుకోవాలి. నా జాయ్‌స్టిక్‌లో అందుకు పిడిని మెలితిప్పాలి. ఆటలో భౌతికశాస్త్రం ఎంత బాగా కుదిర్చారో అని మురిసిపోయాను. కుడి రడ్డర్ ఇస్తూ పోయాను. నెల తిరిగేసరికి దిగేటప్పుడు కూడా లాగడం మొదలైంది. ఇంజను జోరు తగ్గించి దిగుతున్నప్పుడు అలా లాగకూడదు. అయినా తప్పు నా చేతిదే అనుకున్నాను. శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంత దారి ఉండగా రోజూ పక్క గడ్డిలోకి వెళ్లి ఆగేవాణ్ని. చివరికి వెనక నిలబడి చూస్తున్న మా చెల్లెలు, "అన్నా, నువ్వు చెయ్యి తీసేసినా అది తిరుగుతూనే ఉంది కదా" అంది.

అప్పుడు విండోస్‌లో రన్ పెట్టె తెరిచి, ఇంగ్లిషు అక్షరాల్లో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టి చూశాను. ఆ కిటికీలో జాయ్‌స్టిక్ పంపే సంకేతాలన్నీ కనిపిస్తాయి. ఎవరూ ముట్టుకోకుండానే రడ్డర్ గీత చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. మీరు కూడా కొత్తది కొనేముందు ఈ పని చేయండి. గీత వణుకుతుంటే లోపల అరిగినట్టు. వణకకుండా ఒకే చోట, కానీ మధ్యలో కాకుండా నిలబడితే మళ్లీ కాలిబ్రేట్ చేస్తే, అంటే మధ్య ఎక్కడో కంప్యూటర్‌కు మళ్లీ చూపిస్తే సరిపోవచ్చు. డబ్బు మిగులుతుంది.

మండీబజార్‌లో పాత రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఒక చాచా ఉన్నారు. జాయ్‌స్టిక్ ఆయన ముందు పెడితే అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ బండి గేరు, బేటా?" అని అడిగారు. విమానానిది అన్నాను. నవ్వకుండా అడుగున ఉన్న ఆరు స్క్రూలు విప్పారు. లోపల స్ప్రింగు చుట్టూ గ్రీజులో నానిన పత్తి నూగు. మార్కెట్టుకు పత్తి వచ్చే రోజుల్లో మా వీధిలో ఆ నూగు గాలిలో తేలుతూ ఉంటుంది. కిటికీ తెరలకు, కూలర్ గడ్డికి పట్టుకుంటుందని తెలుసు గాని ఇక్కడి దాకా వస్తుందనుకోలేదు. చాచా పట్టకారుతో పట్టి లాగితే చిటికెన వేలంత పొడవున వత్తిలా వచ్చింది. "దీపం పెట్టుకోవచ్చు" అన్నారు. ఈ జిల్లాలో పాడైన జాయ్‌స్టిక్కుల్లో సగం పత్తి నూగు వల్లే పోయి ఉంటాయని నా గట్టి నమ్మకం. నేను విప్పి చూసినవి మూడే, అయినా నమ్మకం నమ్మకమే.

అసలు దోషి మాత్రం నూగు కాదు. పిడి మెలితిప్పితే తిరిగే చోట ఒక చిన్న గుండ్రటి పొటెన్షియోమీటర్ ఉంది. రేడియోలో వాల్యూమ్ గుండీ వెనక ఉండేది అదే. నల్లటి కార్బన్ పట్టీ మీద ఒక లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది, అది ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి వోల్టేజీ మారుతుంది. వేల సార్లు రాసుకున్నాక పట్టీ అరుగుతుంది, నాలుక సరిగా ఆనదు. పాత రేడియో గుండీ తిప్పితే గరగరమంటుంది చూడండి, నా రడ్డర్‌లో ఉన్నది ఆ గరగరే. నాకు వినిపించలేదు, విమానానికి వినిపించింది.

చాచా మొదట మకిలి వదిలించే కాంటాక్ట్ క్లీనర్ కొట్టారు. మూడు వారాలు బాగా పనిచేసి మళ్లీ మొదటికి వచ్చింది. రెండోసారి వెళ్తే పాత స్టీరియోలోంచి తీసిన వాల్యూమ్ గుండీ వేశారు. ఎడమకు తిప్పితే చలనం లేదు, కుడికి కాస్త తిప్పితే గంతేసింది. ఆయన కళ్లజోడు పైకెత్తుకుని ఆ ముక్క మీద అక్షరం చదివి నాలుక కరుచుకున్నారు. మన దగ్గర దొరికే వాటి మీద 'ఎ' అని ఉంటే అది చెవికి తగ్గట్టు ధ్వని పెంచే రకం, మొదట నెమ్మదిగా, తరువాత ఒక్కసారిగా పెరుగుతుంది. 'బి' అని ఉంటే తిప్పినంత మేరకు సమానంగా మారుతుంది. జాయ్‌స్టిక్‌కు కావలసింది 'బి'. డబ్బాలో వెతికి బి10కె ఒకటి తీసి అతికించారు. ఆ ముక్కకు ఇరవై రూపాయలు, పనికి వంద.

బాగైందో లేదో చూడాలని లాప్‌టాప్ వెంట తీసుకెళ్లాను. ఆటలో మా ఊరి పక్క మామునూరు పాత రన్‌వే మీద విమానం నిలబెట్టి పిడి ఆయన చేతికిచ్చాను. నిజాం కాలంలో 1930లో కట్టిన విమానాశ్రయం అది. 1981 దాకా నడిచింది. మా నాన్న చిన్నప్పుడు విమానం చప్పుడు వింటే బడిలోంచి బయటికి పరుగెత్తేవాళ్లట. నేను పుట్టాక అక్కడ విమానం ఎక్కిన మనిషిని ఒక్కరినీ చూడలేదు. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం కూడదన్న షరతు ఏళ్ల తరబడి అడ్డు చెప్పింది. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది, సంతోషమే. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ విమానం వచ్చేస్తోందని విని విని చెవులు అరిగిన ఊరు మాది, పొటెన్షియోమీటర్ కంటే ఎక్కువ అరిగాయి. సరే, చాచా విమానం లేపి, తన ఇల్లు కనబడుతుందేమో చూడాలని మండీబజార్ వైపు తిప్పారు. ఇల్లు దొరకలేదు, భద్రకాళి చెరువు దొరికింది. నేరుగా అందులోకి దించారు. "రడ్డర్ బాగుంది బేటా, నేనే బాగాలేను" అన్నారు.

మీ ప్రశ్నకు వస్తున్నాను. రాసుకునేది అరుగుతుంది, అందుకే రాసుకోనిది కొనండి. హాల్ ఎఫెక్ట్ సెన్సర్ ఉన్న జాయ్‌స్టిక్కుల్లో పిడితో పాటు ఒక అయస్కాంతం కదులుతుంది, పక్కనున్న సెన్సర్ దాన్ని తాకకుండానే కదలికను పసిగడుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సంగతి ఇది, కొత్త మాయ ఏమీ కాదు. తక్కువ ధరవాటిలో త్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎంలో ముందు వెనకలకు, కుడి ఎడమలకు ఈ సెన్సర్లే ఉంటాయి. ఒక మెలిక ఉంది. దాని మెలితిప్పే రడ్డర్‌కు మాత్రం పొటెన్షియోమీటరే. ఇంకా ఖర్చు పెట్టగలిగితే వీకేబీ గ్లాడియేటర్ ఎన్ఎక్స్‌టీ చూడండి, మెలితిప్పే చోట కూడా తాకని సెన్సరే, స్ప్రింగులు మార్చుకోవచ్చు. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, రవాణా కలిపి లెక్క వేసుకోండి, తరువాత నన్ను తిట్టుకోవద్దు.

నా దగ్గర ఇప్పుడున్నది టీ.16000ఎం. మెలితిప్పే భాగాన్ని ముట్టుకోను, ఆటలో దాన్ని ఆపేసి రడ్డర్‌ను కీబోర్డు మీటలకు ఇచ్చాను. కాళ్లతో తొక్కే పెడళ్లు కొనగలిగితే ఇంకా మంచిది. ఏ జాయ్‌స్టిక్‌లోనైనా ముందు పోయేది ఆ మెలితిప్పే భాగమే, ఇందులో నాతో వాదించకండి. అక్కడ సెన్సర్ బాగున్నా లోపలి సన్నటి తీగలు పిడితో పాటు మెలితిరిగి మెలితిరిగి తెగుతాయి.

ఇంటర్నెట్‌లో పెట్టె విప్పి చూపించే వీడియోలు నమ్మకండి. మూడు రోజులు వాడి "చాలా దృఢంగా ఉంది" అంటారు. మూడు రోజులు ప్లాస్టిక్ బొమ్మ కూడా దృఢంగానే ఉంటుంది. మీటలు ఎన్ని, లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయి అని చెబుతారు గాని అడుగున స్క్రూలు ఉన్నాయా, జిగురుతో అతికించారా అని ఒక్కరూ తిప్పి చూపించరు. విప్పడానికి వీలులేనిది ఎంత మంచిదైనా నేను కొనను. కొన్నాక యూఎస్‌బీ హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి, ఆట మధ్యలో సంబంధం తెగిపోయే బాధ చాలావరకు తప్పుతుంది. వాడనప్పుడు మీద ఒక బట్ట కప్పండి. మా వీధిలో అయితే రెండు.

పాతదాన్ని మాత్రం పారేయకండి. నాది చాచా కొట్టులోనే ఉంది, ఆయన మనవడి కంప్యూటర్‌కు తగిలించారు. మొన్న బల్బు హోల్డర్ కోసం వెళ్తే తాతా మనవళ్లు ఇద్దరూ దాని ముందే ఉన్నారు. విమానం చెరువులో ఉంది.