చేరదీసిన పాములకు గూడు కట్టబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరమూ, దానితో పంపిన గూడు బొమ్మా అందాయి. ఆలనాపాలనా లేక ఇరుకు డబ్బాల్లో మగ్గిపోతున్న బాల్ పైథాన్‌నూ, కార్న్ స్నేక్‌నూ చేరదీశావని చదివి సంతోషించాను. వాటిని ఇంట్లో ఉంచుకోవడానికి చట్టప్రకారం కావలసిన అనుమతి ముందే తీసుకున్నానని రాశావు కనుక ఆ ప్రస్తావన మళ్ళీ తేను. బొమ్మలో మాత్రం ఒకే పెద్ద గాజు పెట్టె, అందులో రెండు పాములూ, ఒక మూల చిన్న జలపాతమూ, వెనక గోడకు రాతి అలంకారమూ కనిపించాయి. ఎదుట కుర్చీ వేసుకుని కూర్చునేవారికి అది ముచ్చటగానే ఉంటుంది గాని, లోపల బతకవలసిన ప్రాణికి కావలసినవి చాలావరకు అందులో లేవు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొట్టమొదట ఆ ఒక్క పెట్టెను రెండు చెయ్యి. పాములకు తోడు అక్కరలేదు. రెండూ ఒకదానిమీద ఒకటి చుట్టుకుని పడుకున్నాయంటే, పెట్టెలో ఒంటికి హాయిగా ఉన్న చోటు అదొక్కటే అయి ఉంటుంది. పైగా వీటి పుట్టుకే వేరు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలకు చెందినది. పగలు ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ దాగి రాత్రి తిరుగుతుంది. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పాము. కొంత చల్లదనాన్నీ పొడి గాలినీ ఓర్చుకుంటుంది, అవకాశం దొరికితే పైకి ఎక్కుతుంది. ఒకదానికి సరిపడిన వేడీ తేమా రెండోదానికి సరిపడవు.

శాశ్వతమైన గూడు విషయంలో తొందర వద్దు. ఎవరి దగ్గర ఎలా పెరిగాయో తెలియని పాములు కనుక కనీసం రెండు మూడు నెలలు వాటిని వేరువేరు గదుల్లో, వీలైనంత సాదా పెట్టెల్లో ఉంచాలి. అడుగున తెల్లని కాగితపు తువ్వాలు, ఒదిగి కూర్చోవడానికి రెండు చోట్లు, ఒక నీళ్ళ గిన్నె, అదుపులో ఉన్న వేడి ఉంటే చాలు. తెల్ల కాగితమే ఎందుకంటే దానిమీద అన్నీ కనిపిస్తాయి. పాము నిద్రలేచి పక్కకు జరిగాక ఆ కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూడు: ఆవగింజలో సగం కూడా లేని నల్లని చుక్కలు మెల్లగా కదులుతుంటే అవి నెత్తురు పీల్చే మైట్లు. నీళ్ళ గిన్నె అడుగున అవే చుక్కలు మునిగి చచ్చి పడి ఉంటాయి, పాము కూడా గంటల తరబడి ఆ నీళ్ళలోనే పడి ఉంటుంది. ఇదే కొబ్బరి పొట్టు పరిచిన అందమైన గూడైతే, పాము నీరసించిపోయేదాకా నీకు సంగతి తెలియదు. తెలిశాక ఆ పొట్టంతా పారబోయాలి, చెక్క సందులన్నీ కడగాలి. పైథాన్లలో ఊపిరితిత్తులను పాడుచేసే నిడోవైరస్ అనే జబ్బు ఉంది. అది ఉన్న పాము కొంతకాలం ఆరోగ్యంగానే కనిపించవచ్చు. అందువల్ల పట్టకార్లూ గిన్నెలూ ఏ పామువి ఆ పాముకే ఉండాలి, ఒక పామును తాకిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా రెండోదాన్ని ముట్టకూడదు. సరీసృపాల నుంచి సాల్మోనెల్లా అనే బ్యాక్టీరియా మనుషులకూ సోకుతుంది కనుక ఆ గిన్నెలు వంటింటి తొట్టిలో తోమవద్దు. ఈ గడువులోనే పాములను చూడటం తెలిసిన పశువైద్యుడికి ఒకసారి చూపించు. కడుపు కింద పాత కాలిన మచ్చలున్నాయా, కంటిమీద కుబుసం పొర మిగిలిపోయిందా, ముక్కు రాసుకుపోయి పుండు పడిందా అన్నది ఆయన చూసి చెబుతారు.

ఇక వేడి సంగతి. నా దృష్టిలో గూడంటే ముందు వేడి, తరువాతే గోడలు. పాము తన ఒంటి వేడిని తానుగా పుట్టించుకోలేదు. వెచ్చని చోటికీ చల్లని చోటికీ మారుతూ సరిచేసుకుంటుంది. తిన్నది అరగడానికి వెచ్చదనం కావాలి, అది చాలకపోతే మింగినది కడుపులోనే కుళ్ళి కక్కేస్తుంది. కనుక పెట్టె అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే, ఆ ఉష్ణోగ్రత ఎంత మంచిదైనా, పాముకు ఎంచుకునే వీలు ఉండదు. ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా ఉండేలా వేడిని ఒక్క వైపే అమర్చు. బాల్ పైథాన్‌కు వెచ్చని చోట 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25 నుంచి 27 ఉంటే బాగుంటుంది. కార్న్ స్నేక్‌కు వెచ్చని వైపు 29 నుంచి 31, చల్లని వైపు 22 నుంచి 25 చాలు.

ఆ వేడిని ఇచ్చే సాధనం ఏదైనా, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గు పెట్టవద్దు. ఈ ఒక్క మాటలో నేను సడలింపు ఇవ్వను. అదుపులేని హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచని పరుపు) 45 డిగ్రీలు దాటి పోగలదు, దానిమీద పడుకున్న పాము ఒళ్ళు కాలుతున్నా పక్కకు జరగదు. పైథాన్ల పెదవుల మీది గుంటలు ఎలుక ఒంటి వేడిని చీకట్లో పసిగట్టగలవు గాని, కడుపు కింది వేడి విషయంలో ఆ నేర్పు అక్కరకు రాదు. వేడెక్కే కృత్రిమ రాళ్ళను అసలు కొననే వద్దు. బల్బు పెడితే కరెంటును కొద్దికొద్దిగా తగ్గించే డిమ్మింగ్ రకం థర్మోస్టాట్, వెలుగు లేని సిరామిక్ హీటర్‌కైతే కరెంటును విడతలుగా పంపే పల్స్ రకం తీసుకో. పెట్టె లోపల ఉండే బల్బుకూ హీటర్‌కూ చుట్టూ జాలీ బిగించు, లేకపోతే పాము వాటికే చుట్టుకుంటుంది. థర్మోస్టాట్ సెన్సర్ తీగను పాము కదల్చలేనట్టు క్లిప్పుతో బిగించు. అది జారి చల్లని వైపు పడితే, గూడు ఇంకా చల్లగా ఉందనుకుని థర్మోస్టాట్ హీటర్‌ను ఆపకుండా మండిస్తుంది. గోడకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మవద్దు, ప్రోబ్ (తీగ కొసన ఉండే కొలిచే మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని చెరో కొసనా ఒకటి పెట్టు. డబ్బు ఒకచోట పొదుపు చేసి ఇంకోచోట ఖర్చుపెట్టాలంటే రాతి అలంకారం మానుకుని థర్మోస్టాట్ మంచిది కొనుక్కో.

కొలతలకు వస్తే, పాము ఎప్పుడూ చుట్టచుట్టుకునే ఉంటుంది కనుక చిన్న పెట్టె చాలునన్న పాత వాదాన్ని పట్టించుకోకు. ఒళ్ళంతా చాచి పడుకోగల పొడవు ఉండాలి. పెరిగిన బాల్ పైథాన్‌కు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు కనీసంగా పెట్టుకో; కార్న్ స్నేక్ అంతకంటే పొడవు సాగవచ్చు గనుక దానికి మరికాస్త పొడవూ ఎత్తూ ఇవ్వు. గాజు కంటే ప్లైవుడ్ గానీ పీవీసీ షీట్లు గానీ వేడిని బాగా నిలుపుతాయి, మూడు వైపులా మూసి ఉండటం వల్ల పాముకు బెదురూ తగ్గుతుంది. ప్లైవుడ్ అయితే లోపల చెక్కకు తేమ పట్టకుండా నీటి ఆధారిత పాలియురెథేన్ వార్నిష్ రెండు మూడు పూతలు వేసి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలు ఆరనివ్వాలి. మూలలకు అక్వేరియం సిలికాన్ వాడు. స్నానాల గదులకు వాడే రకంలో బూజును చంపే మందు కలుస్తుంది.

తలుపు ముందు వైపు పెట్టు. పైనుంచి దిగే చెయ్యి పాముకు గద్దలా తోస్తుంది. జారే గాజు తలుపులైతే రెండు పలకలు ఒకదానిమీద ఒకటి వచ్చేచోట సన్నని సందు మిగులుతుంది. తల పట్టిందంటే ఒళ్ళంతా పట్టినట్టే గనుక అక్కడ పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ అతికించి, తలుపుకు తాళం వెయ్యి. లోపల ఎక్కడా అంటుకునే టేపు వాడవద్దు, అది పొలుసులకు పట్టిందంటే చర్మం ఊడొస్తుంది. గాలి రంధ్రాలు చల్లని వైపు కిందా, వెచ్చని వైపు పైనా పెడితే వేడి గాలి పైకి లేచి పోతూ కొత్త గాలిని తనంతట తానే లాక్కుంటుంది. గరుకు తీగ జాలీ మాత్రం పాము మూతికి అందే ఎత్తులో ఉంచకు.

తేమ బాల్ పైథాన్‌కు 55 నుంచి 70 శాతం, కార్న్ స్నేక్‌కు 40 నుంచి 55 శాతం ఉంటే సరిపోతుంది. దీనికి జలపాతం పనికిరాదు. కదిలే నీళ్ళలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, నేల చిత్తడవుతుంది, చిత్తడి నేలమీద కడుపు పొలుసులు కుళ్ళుతాయి. పైథాన్‌కు కొబ్బరి పొట్టు నాలుగు వేళ్ళ మందాన పరిచి మూలల్లో నీళ్ళు పోస్తే అడుగు తడిగా, పైభాగం పొడిగా ఉంటుంది. కార్న్ స్నేక్‌కు ఆస్పెన్ చెక్క పొట్టు నప్పుతుంది, అది అందులో సొరంగాలు చేసుకుంటుంది. దేవదారు, పైన్ పొట్టు వాడకు, వాటి వాసనలోని రసాయనాలు పాములకు హాని చేస్తాయి. కుబుసం విడిచే రోజుల కోసం తడి నాచు నింపిన మూత డబ్బా ఒకటి, ఒక వైపు కన్నం చేసి ఉంచు.

దాగే చోట్లు వెచ్చని కొసన ఒకటి, చల్లని కొసన ఒకటి తప్పనిసరి. ఒక్కటే ఉంటే, పిరికిగా మారిన పాము వేడి కావలసినా కావలసినచోటికి పోక దాగినచోటే ఉండిపోతుంది. అవి విశాలంగా ఉండకూడదు. చుట్టుకుని కూర్చుంటే వీపు పైకప్పుకు తగలాలి. కొమ్మలను గోడకు బోల్టులతో బిగించు. రాయి పెడితే పొట్టు మీద కాక పెట్టె అడుగునే ఆనించి పెట్టు, కింద తవ్వుకునే పాము మీద పడకుండా. దీపం పగలు పన్నెండు గంటలు వెలిగించి రాత్రి పూర్తిగా ఆర్పెయ్యి, ఎర్ర బల్బు కూడా వద్దు.

అంతా అయ్యాక పామును పెట్టకుండా వారం రోజులు గూడును నడిపించు. తెల్లవారుజామున, మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక రెండు కొసల ఉష్ణోగ్రతా తేమా రాసుకో. గది చల్లబడినప్పుడు ఎంత పడిపోతున్నదీ అప్పుడే తెలుస్తుంది. పామును మార్చే రోజున పాత డబ్బాలోని దాగుడు పెట్టెను కడగకుండా కొత్త గూట్లో పెట్టు, దాని వాసన దానికి ఉంటే త్వరగా కుదుటపడుతుంది. ఆ తరువాత ఒక వారం చేతిలోకి తీసుకోవద్దు, తిండీ పెట్టవద్దు, నీళ్ళు మాత్రం రోజూ మార్చు. ఈలోగా నువ్వు రాసుకున్న ఆ వారం అంకెలు నాకు పంపితే, బల్బు వాటేజీ మార్చాలో, గాలి రంధ్రాలు కొన్ని మూయాలో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య