గిర్ని మోటారు పుల్లీ జారుతోంది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పిండి, కారం పట్టే గిర్ని నడుపుతున్నాను. ఐదు హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు. నెల రోజులుగా మిరపకాయలు పోయగానే మోటారు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, పుల్లీ మాత్రం ఆగిపోతుంది. పుల్లీకి ఉన్న రెండు అలెన్ స్క్రూల మరలు అరిగిపోయాయి, ఎంత తిప్పినా పట్టు దొరకడం లేదు. మెకానిక్ హ్యాక్సా బ్లేడు ముక్క దూర్చి బిగిస్తే వారం రోజులు నడిచింది. ఏడాది కారం పట్టించుకునే రోజులు దగ్గరపడ్డాయి. మోటారు మార్చాల్సిందేనా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మోటారు మార్చనక్కరలేదు. మీ ఉత్తరమంతా స్క్రూల గురించే ఉంది, కీ ప్రస్తావన ఎక్కడా లేదు. నా అనుమానమంతా దాని మీదే. షాఫ్టు గాడిలో సగం, పుల్లీ గాడిలో సగం కూర్చునే ఆ ఇనుప చీల గట్టిగా ఉంటే, రెండు స్క్రూలూ ఊడిపోయినా పుల్లీ పక్కకు జరుగుతుందే తప్ప షాఫ్టు మీద ఆగిపోదు. మీ పుల్లీ ఆగిపోతోందంటే కీ కోసుకుపోయి ఉండాలి, లేదా ఎప్పుడో విప్పినప్పుడు పడిపోతే మళ్లీ పెట్టకుండానే బిగించి ఉండాలి.

బరువు మోయవలసింది కీ. స్క్రూలు ఉన్నది పుల్లీని దాని చోట నిలబెట్టడానికి. ఐదు హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరిగే మోటారైతే 28 మిల్లీమీటర్ల షాఫ్టు అంచు దగ్గర పడే తోపు దాదాపు 175 కిలోల బరువుకు సమానం, మొదలయ్యే క్షణంలో అది రెండింతలు కూడా దాటగలదు. అంత బలాన్ని రెండు స్క్రూల మొనలు ఆపలేవు. అవి షాఫ్టును గీస్తూ జారతాయి, ఆ అదురుకే వాటి మరలు పోతాయి. కాబట్టి కీ సంగతి తేల్చకుండా స్క్రూలు మాత్రమే మారిస్తే మీ డబ్బు వృథా అవుతుంది.

మెయిన్ బంద్ చేసి, ఫ్యూజులు పీకి మీ జేబులో వేసుకున్న తరువాతే పని మొదలుపెట్టండి. బెల్టులు తీసి, పుల్లీని పుల్లర్‌తోనే (పట్టి లాగే పనిముట్టు) లాగించండి. సుత్తితో వెనుకనుంచి కొడితే ఆ దెబ్బ నేరుగా బేరింగులకు తగులుతుంది. స్క్రూల అలెన్ రంధ్రం గుండ్రంగా అరిగి ఉంటే, కొంచెం పెద్ద స్టార్ బిట్‌ను అందులోకి మెల్లగా దిగగొట్టి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది.

పుల్లీ వచ్చాక షాఫ్టును నిదానంగా చూడండి. గాజుల వరుసలా మెరిసే గీతలు, వాటి మధ్య ఇటుకపొడి రంగు దుమ్ము కనిపిస్తాయి. కారం పట్టేచోట దాన్ని కారంపొడి అనుకుని తుడిచేయడం సహజమే కానీ, అది షాఫ్టు, పుల్లీ ఒకదాన్నొకటి ఒరుసుకుని రాలిన ఇనుప తుప్పు. జనం తినే కారం పక్కన అది రాలుతోందన్న ఒక్క కారణం చాలు, ఈ మరమ్మతును సీజన్ అయ్యేదాకా వాయిదా వేయకూడదు.

గీతల అంచులను సన్నటి ఆకురాయితో సాపుచేసి, వెర్నియర్‌తో కొలిపించండి. 28 మిల్లీమీటర్ల షాఫ్టుకు సాధారణంగా 8 మిల్లీమీటర్ల వెడల్పు, 7 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కీ వస్తుంది. గాడి అంచులు నిటారుగా ఉంటే ఈఎన్-8 అనే రకం ఉక్కుతో కొత్త కీ చేయించండి. అది రెండు పక్కలా బిగుతుగా, చిన్న సుత్తి దెబ్బలతో దిగాలి, పైన మాత్రం వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. బ్లేడు ముక్క నిలవకపోవడానికి కారణం ఇదే: అది ఖాళీలో ఒక చోటే ఒత్తుతుంది, గాడి పొడవునా ఆనదు. గాడి వెడల్పైపోతే లేత్ షాపులో షాఫ్టుకు, పుల్లీకి 10 మిల్లీమీటర్ల గాడి తీయించి దానికి తగిన కీ వేయించవచ్చు, లేదా షాఫ్టుకు ఎదురుపక్కన కొత్త గాడి తీయించవచ్చు. పుల్లీ లోపలి రంధ్రమే అరిగి ఊగుతుంటే బుష్ వేయించడం కన్నా కొత్త పోతపోసిన ఇనుప పుల్లీ కొనడమే మేలని నా అభిప్రాయం.

ఇక స్క్రూలు. ఇప్పుడున్నవి ఎం8 (8 మిల్లీమీటర్ల మర) అయితే, పుల్లీ మెడ మందం చాలినంత ఉందని చూసుకుని, 8.5 మిల్లీమీటర్ల డ్రిల్లు వేయించి ఎం10 ట్యాప్‌తో కొత్త మరలు కోయించండి. మెడ పలచగా ఉంటే రంధ్రం పెంచకుండా కొత్త పుల్లీ వైపే మొగ్గండి. ఒక స్క్రూ కీ నెత్తిమీద, రెండోది షాఫ్టు మీద కూర్చోవాలి. షాఫ్టు మీద అది ఆనే చోట డ్రిల్లుతో చిన్న గుంట చేయిస్తే మొన అందులో కుదురుకుంటుంది, మళ్లీ పుల్లీ తీయాల్సి వచ్చినప్పుడు అంచు లేచి అడ్డుపడదు. మరలకు నీలిరంగు థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి, ఎం10 స్క్రూకు 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో చేతి బలం మేరకే బిగించండి. అలెన్ కీకి పైపు తొడిగి బిగిస్తే కొత్త మరలు కూడా పోతాయి.

రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూడండి. ఆ తరువాత షాఫ్టు చివరినుంచి పుల్లీ ముఖం మీదికి సుద్దముక్కతో ఒక గీత గీసి, ఒక పూట మిరపకాయలు పట్టి, మెయిన్ బంద్ చేసి చూడండి. గీత విరగకుండా ఉంటే కీ పట్టుకున్నట్టే. అప్పుడే స్క్రూలను మరోసారి బిగించండి.

ప్రశ్న: మా దగ్గరా ఇదే బాధ. పుల్లీని షాఫ్టుకు వెల్డింగ్ చేయిస్తే ఎప్పటికీ జారదని అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: వద్దమ్మా. వెల్డింగ్ వేడికి షాఫ్టు వంకర తిరిగే ప్రమాదం ఉంది. ఎర్త్ క్లిప్పును మోటారు బాడీకి తగిలిస్తే ఆ కరెంటు బేరింగుల గుండానే పోయి గోలీలను, అవి తిరిగే దారిని కాల్చి గుంటలు పెడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రేపు పుల్లీ వైపు బేరింగు మార్చాల్సి వస్తే పుల్లీ బయటికి రాదు, షాఫ్టునే కోయాల్సి వస్తుంది. ఇప్పటికే ఎవరైనా చుక్క వెల్డింగ్ వేసి ఉంటే గ్రైండర్‌తో కాకుండా లేత్ మీదే తీయించండి, షాఫ్టుకు గాటు పడదు.