బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకు ప్రింటర్ డ్రైవర్ సరిపోతుందా, వేరే సాఫ్ట్‌వేర్ కావాలా?

మీ ఇంక్‌జెట్‌లో నలుపుతో పాటు బూడిద రంగు ఇంకులు కూడా ఉంటే, డ్రైవర్‌లోని బ్లాక్ అండ్ వైట్ మోడ్ చాలామందికి సరిపోతుంది. ఏ ఇంకు ఎక్కడ ఎంత పడాలో మీరే నిర్ణయించాలనుకుంటేనే డ్రైవర్‌కు బదులు ప్రింటర్‌ను నడిపే క్వాడ్‌టోన్ రిప్ లాంటి సాఫ్ట్‌వేర్ అవసరం.

తేడా అంతా ఇంకులు కలిపే తీరులో ఉంది. మామూలు కలర్ మోడ్‌లో బూడిద ఛాయల్లో సయాన్, మెజెంటా, పసుపు కూడా బాగానే కలుస్తాయి. వాటి పాళ్లు కాస్త తప్పినా ప్రింట్ ఆకుపచ్చగానో గులాబీగానో కనిపిస్తుంది. ఒక్కోసారి ట్యూబ్‌లైట్ కింద ఒకలా, ఎండలో ఇంకోలా. ఎప్సన్ వారి అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ ప్రధానంగా నలుపు, బూడిద ఇంకులే వాడి, టోన్ (వెచ్చగానో చల్లగానో కనిపించే ఛాయ) కోసం రంగులు కొద్దిగా కలుపుతుంది. క్వాడ్‌టోన్ రిప్‌లో ఒక్కో ఇంకుకీ విడిగా కర్వ్, అంటే ఏ ఛాయకు ఆ ఇంకు ఎంత పడాలో చెప్పే గీత, ఉంటుంది. ఉదాహరణకు, డ్రైవర్ జాబితాలో లేని మ్యాట్ కాగితంపై నీడలు ముద్దయిపోతుంటే, ఇంకు పరిమితి తగ్గించి కొత్త కర్వ్ చేసుకోవచ్చు. ప్రింట్‌లోని ఛాయలను కొలిచే పరికరం లేకపోతే మాత్రం అదో తలనొప్పి.

నల్ల ఇంకు ఒక్కటే వాడితేనే అసలైన బ్లాక్ అండ్ వైట్ వస్తుందన్నది అపోహ. రంగుల గొడవ తగ్గేది నిజమే గానీ, లేత భాగాల్లో చుక్కలు దూరదూరంగా పడి ఆకాశం, చర్మం గరుకుగా కనిపిస్తాయి.