నేపాలుకు పరిచర్య నిమిత్తం వెళ్తున్న అబ్బాయికి

చిరంజీవి బాబుకు,

ప్రభువు నామమున ఆశీస్సులు.

దసరా వెళ్లిన తరవాత మన సంఘ యౌవనస్థులతో కలిసి నేపాలు కొండప్రాంతంలోని ఒక సంఘానికి రెండు వారాల పరిచర్యకు వెళ్తున్నావనీ, బృందానికి నిన్నే నాయకుడిగా నియమించారనీ మీ నాన్న చెప్పాడు. ఆ దారిన చాలాసార్లు వెళ్లివచ్చి, అక్కడి కాపరులతో ఈనాటికీ మాట్లాడుతూ ఉండేవాడిని కనుక, నువ్వు అడగకపోయినా నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. మీరు రెండు వారాలు ఉండి రైలెక్కి వచ్చేస్తారు. మీరు చేసిన ప్రతి పనికీ, అన్న ప్రతి మాటకీ ఆ తరవాత ఊళ్లో జవాబు చెప్పుకోవలసినవారు అక్కడి విశ్వాసులు. ఏం చేయాలన్నా ముందు ఆ లెక్క చూసుకో.

అక్కడి సంఘం మీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నది కాదని మొదట మీ వాళ్లకు చెప్పు. నేపాలును ఏలిన రాణా వంశం పాలన ముగిసేదాకా ఆ దేశం తలుపులు సువార్తకు మూసే ఉన్నాయి. డార్జిలింగు వైపు స్థిరపడిన నేపాలీ విశ్వాసులు సరిహద్దుకు ఇవతలే ఉండి ప్రార్థించుకునేవారు. 1950ల మొదట్లో దారి తెరుచుకున్నాక వాళ్లలో కొందరు, మన దక్షిణాది నుంచి కేరళ సువార్తికులు కొందరు లోపలికి వెళ్లారు. 1954లో యునైటెడ్ మిషన్ టు నేపాల్ అనే క్రైస్తవ సేవాసంస్థ ఏర్పడి ఆసుపత్రులూ బడులూ నడిపింది. ఎవరినీ మతం మార్చకూడదన్న షరతుకు ఒప్పుకునే అది అక్కడ పనిచేసింది. 1960లలో బాప్తిస్మం ఇచ్చిన కాపరులు, పుచ్చుకున్న విశ్వాసులు కూడా జైళ్లలో ఉన్నారు. ప్రజాస్వామ్యం కోసం 1990లో జరిగిన ప్రజా ఉద్యమం తరవాత గానీ వాళ్లకు కాస్త ఊపిరి ఆడలేదు. 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 5,12,313 మంది, అంటే నూటికి ఇద్దరికన్నా తక్కువ. ఇంత అనుభవించి నిలిచిన సంఘానికి విశ్వాసం అంటే ఏమిటో నేర్పడానికి మనం వెళ్లడం లేదు.

ఇక చట్టం సంగతి. ఇది నువ్వు ఒక్కడివే తెలుసుకుంటే చాలదు, బృందంలో ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి చెప్పాలి. 2015 నాటి నేపాలు రాజ్యాంగం ఎవరి మతాన్ని వారు ఆచరించుకునే హక్కు ఇస్తూనే, 26వ అధికరణంలో మరొకరిని మతం మార్చడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమలులో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్చినా, మార్చడానికి ప్రయత్నించినా అయిదేళ్ల వరకు జైలు, యాభై వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా ఉంటాయి. నేరం చేసినవాడు విదేశీయుడైతే శిక్ష ముగిసిన ఏడు రోజుల్లోగా దేశం నుంచి పంపించివేస్తారు. వీసా లేకుండా వెళ్తాం కదా అని మనవాళ్లు తాము విదేశీయులమన్న సంగతే మరిచిపోతారు. బస్టాండులో కరపత్రాలు పంచడం, కూడలిలో మైకు పెట్టి వాక్యం చెప్పడం, పరిచయం లేని ఇంటి తలుపు తట్టడం మన జిల్లాలో అలవాటైన పద్ధతులే కావచ్చు, అక్కడ మాత్రం వద్దు. ఇందులో పిరికితనం ఏమీ లేదు. కేసు మీ మీద పడినా, మీకు చోటిచ్చిన కాపరి మీద పడకుండా పోదు. అక్కడి సంఘాన్ని బలపరచడానికి చట్టం అడ్డురాని పని చాలా ఉంది: వాళ్లతో కలిసి ఆరాధించడం, వాళ్ల యౌవనస్థులతో వాక్యం చదవడం, వాళ్లు కట్టుకుంటున్న గోడకు రాళ్లు మోయడం, మీలో కంప్యూటరు వచ్చినవారు సంఘం పిల్లలకు నేర్పడం. ఎవరైనా తామంతట తాము వచ్చి మీ విశ్వాసం గురించి అడిగితే సాత్వికంగా జవాబు చెప్పండి. ఆ మనిషితో తరవాతి మాట మాత్రం కాపరి గారికే వదిలిపెట్టండి.

ఫోటోల విషయంలో నేను కఠినంగానే ఉంటాను. కొన్నేళ్ల కిందట మన దేశం నుంచే వెళ్లిన ఒక బృందంలో ఒకరు వాగు ఒడ్డున జరిగిన బాప్తిస్మం ఫోటోను ఊరి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టారు. నెల తిరగకముందే అక్కడి కాపరిని వార్డు కార్యాలయానికి పిలిపించి, ఆ ఫోటోను రంగుల్లో అచ్చు తీసిన కాగితం బల్లమీద పెట్టి, నీళ్లలో నిలబడిన ఒక్కొక్కరి ముఖం మీద వేలుపెట్టి పేర్లు అడిగారు. ఆ కాగితంలో ఉన్న ఒక ఆడపిల్లను అత్తవారు కొన్నాళ్లు పుట్టింట్లోనే ఉంచేశారు. ఫోటో పెట్టిన బృందానికి ఇదేమీ తెలియదు. అప్పటికి వాళ్లు తమ ఊళ్లో స్లైడ్లు వేసి సాక్ష్యాలు చెప్పుకుంటున్నారు. అందుచేత ఆరాధనలో ఫోన్లు సంచుల్లోనే ఉండాలి. కొండలను, మీ బృందాన్ని ఎన్ని ఫోటోలైనా తీసుకోండి. విశ్వాసుల ముఖాలు, చర్చి బయటి గోడ, ఊరి పేరు ఉన్న బోర్డు ఎక్కడా కనబడకూడదు. వాట్సాప్ స్టేటస్ కూడా ఇందులోకే వస్తుంది.

ఎంతమంది వెళ్లాలన్నది ఇంకా తేల్చలేదని విన్నాను. ఒక జీపులో పట్టేంతమందికి మించవద్దు. ఇరవై మంది దిగితే ఊరంతా చూస్తుంది; అంతకన్నా ముఖ్యం, వంట చేసేది కాపరి గారి భార్య. పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి పప్పూ అన్నం తినే ఇల్లు అది. మీరు వచ్చారని కోడిని కోస్తారు, మీకు మెత్తలు ఇచ్చి వాళ్లు వంటింట్లో చాప మీద పడుకుంటారు. పెట్టింది తినండి, రెండోసారి వడ్డించబోతే చాలు అనండి, గిన్నెలు మీరే కడగండి. ఆవకాయ సీసా తీసుకెళ్లవచ్చు, కానీ వాళ్ల కూరను పక్కనపెట్టి దానితో తినడం కాదు, నలుగురికీ వడ్డించడానికి. ఆవు అక్కడ జాతీయ జంతువు, గోవధ నేరం. ఆ మాంసం మాట సరదాకైనా ఎత్తకండి. తిండి ఖర్చు ఎంతవుతుందో ముందే లెక్కకట్టి, చేరిన మొదటి రోజే కవరులో పెట్టి కాపరి గారి చేతికి ఇచ్చెయ్యి. చివరి రోజు ఇస్తే మొహమాటానికి పుచ్చుకోరు, అప్పటికే దుకాణంలో అప్పు పెట్టి ఉంటారు.

మాటల్లో ఒక జాగ్రత్త ఉంది. ‘నేపాలు కూడా మన ఇండియాలాంటిదే’ అని మనం ప్రేమగా అనుకుంటాం, వాళ్లకది పెత్తనంలా వినబడుతుంది. 2015 చివర్లో సరిహద్దు మూతపడి గ్యాసు సిలిండర్లకూ మందులకూ కటకటలాడిన నెలలను వాళ్లు మరిచిపోలేదు, ఆ నింద మన దేశం మీదే వేస్తారు. సరిహద్దు ఊరు సోనౌలీ దాటితే బుద్ధుడు పుట్టిన లుంబిని దగ్గరే. అమరావతి స్తూపం పక్క జిల్లాలో పెరిగినవాళ్లు మీరు, తప్పక చూసి రండి. అయితే బుద్ధుడు ఇండియాలో పుట్టాడని మాత్రం పొరపాటున కూడా అనవద్దు, ఆ ఒక్క మాటకు నేపాలీలు ఎంత నొచ్చుకుంటారో నేను చూశాను. మరి ఏం మాట్లాడాలి అంటావా? కరీంనగర్ నుంచో కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో దుబాయికీ కువైట్‌కూ వెళ్లినట్లే, వాళ్ల ఇళ్లలోనూ ఒకరు కతర్‌లోనో మలేషియాలోనో ఉంటారు. మన సంఘంలో కువైట్‌లో పనిచేసే తల్లుల పిల్లలు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు కదా. ఆ కబురు అడిగి కాసేపు వింటే, ఏ ప్రసంగం వల్లా రాని దగ్గరతనం వస్తుంది. పెద్దవాడిని ‘దాయి’ అని, పెద్దామెను ‘దీదీ’ అని, విశ్వాసి ఎదురైతే రెండు చేతులూ జోడించి ‘జయ మసీహ్’ అని పలకరించడం రైలులోనే నేర్చుకోండి.

ఆరాధన ఆదివారం కాదు, శనివారం. చెప్పులు బయట విడిచి నేలమీద కూర్చోవడం, మగవారు ఒకవైపు ఆడవారు ఒకవైపు ఉండడం మన పల్లె సంఘాల్లో ఉన్నట్లే ఉంటుంది. మాదల్ అనే డోలు మీద పాట ఎత్తుకుంటే గంట తెలియదు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా. ఆ వేళ ఎన్నో సంఘాలు ఆరాధనలో ఉన్నాయి, కొన్నిచోట్ల విశ్వాసులు గుడి కప్పు కిందే చనిపోయారు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. మీరు మాత్రం దాన్ని ప్రసంగంలోకి తేకండి, దేవుడు ఎందుకు అనుమతించాడో వివరించే పని అసలే పెట్టుకోకండి.

సాక్ష్యం చెప్పమంటారు. అనువాదకుడు ఉంటాడు కనుక అయిదు నిమిషాల మాట పది నిమిషాలవుతుంది. మన ప్రాసలూ పద్యాలూ అక్కడ దాటవు. చిన్న వాక్యం చెప్పి ఆగాలి. ఎక్కడెక్కడ ఆగాలో ముందురోజు అనువాదకుడితో కూర్చుని చూసుకోవాలి. హిందీ వస్తే పట్టణాల్లో కొంత నడుస్తుంది, కొండమీది ముసలివారికి అది కూడా పరాయి భాషే. రోగులు ప్రార్థనకు వస్తారు. నిండు మనసుతో ప్రార్థించండి. స్వస్థత వచ్చేసిందని ప్రకటించడానికి, మందులు మానేయమని చెప్పడానికి మీకు ఏ అధికారమూ లేదు. మందుల విషయమే వచ్చింది కనుక చెబుతున్నాను, బృందంలో నర్సింగు చదివిన అమ్మాయి ఉందని వైద్య శిబిరం తలపెట్టవద్దు. విదేశీ డాక్టరైనా సరే అక్కడి వైద్య మండలిలో తాత్కాలికంగా నమోదు కాకుండా వైద్యం చేయకూడదు. పాల్పా జిల్లా తాన్సేన్‌లో 1954 నుంచి మిషను ఆసుపత్రి ఉంది, రోగిని అక్కడికి చేర్చే జీపు కిరాయి ఇచ్చినా అది పెద్ద సహాయమే.

పిల్లల కార్యక్రమం పెట్టాలన్న ఉత్సాహం మీ అందరిలో ఉందని తెలుసు. సంఘ కుటుంబాల పిల్లలతో, తల్లిదండ్రులు అక్కడే కూర్చుని ఉండగా, కాపరి గారు చెప్పిన చోట మాత్రమే పెట్టండి. మిఠాయిలూ పెన్సిళ్లూ పంచి వీధి పిల్లలను పోగుచేస్తే, మతం కోసం ఎర వేశారన్న నింద కచ్చితంగా వస్తుంది. ఆ నింద న్యాయమేనని నేనూ అంటాను.

డబ్బు గురించి కొంచెం వివరంగా రాయాలి. ఎవరి చేతిలోనూ విడిగా నోటు పెట్టవద్దు, పిల్లవాడి ఫీజు కడతామని, గుడికి రేకులు పంపుతామని, మళ్లీ ఏడాది వస్తామని ఎవరికీ మాట ఇవ్వవద్దు. కొండమీద అలాంటి మాటను ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. ఏదైనా అవసరం కంటబడితే రాసుకుని వచ్చి మన సంఘ పెద్దల ముందు పెట్టు, వారు అక్కడి సంఘ పెద్దలతో మాట్లాడతారు. తరవాత బిషప్పుగా దోర్నకల్‌లో సేవచేసిన అజరయ్య గారు, ఇంకా ఆ పదవికి రాకముందే 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు స్నేహితులను ఇవ్వండి అన్న అర్థంలో దొరల ముఖం మీదే చెప్పారు. నూరేళ్లు దాటాక నేపాలీల ఎదుట ఆ దొరల కుర్చీలో కూర్చున్నది మనం. ఆ మాట ఇప్పుడు మనకే వర్తిస్తుంది. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని మన తెలుగు బాప్టిస్టు సంఘాలు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపినప్పుడు ఆయన తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువారి మధ్యనే ఏళ్ల తరబడి కాపురముండి సంఘాలు కట్టారు. రెండు వారాల్లో మీరు అంత పని చేయలేరు, చేసినట్లు చెప్పుకోకూడదు కూడా.

ప్రయాణం సంగతులు కొద్దిగా. విజయవాడ మీదుగా వెళ్లే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్ దిగి, అక్కడి నుంచి రోడ్డున సోనౌలీ చేరండి. వీసా అక్కర్లేదు కానీ పాస్‌పోర్టో, ఓటరు కార్డో అసలుది ప్రతివారి దగ్గరా ఉండాలి. ఆధార్ ఉంది కదా అని ధీమాగా రావద్దని చెప్పు. మన వంద రూపాయలకు వాళ్లవి నూట అరవై. పెద్ద నోట్ల మీద నియమాలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు బ్యాంకులో కనుక్కుని, వంద నోట్లే ఎక్కువగా పెట్టుకోండి. గడియారం పావుగంట ముందుకు తిప్పుకోండి. వానాకాలంలో కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి, నాట్ల రోజుల్లో ఇళ్లలో ఎవరూ ఉండరు. మీరు దసరా తరవాత ఎంచుకోవడం మంచిదయింది. స్వెట్టరు, కాచిన నీళ్లు, టైఫాయిడ్ టీకా మరవకండి.

తిరిగి వచ్చాక సంఘంలో సాక్ష్యాలకు ఒక ఆదివారం ఇస్తారు. ఎంతమంది రక్షణ పొందారన్న లెక్క ఎవరు అడిగినా చెప్పవద్దు. అక్కడివారి దగ్గర మీరు చూసినదీ నేర్చుకున్నదీ చెప్పండి. మీ ప్రయాణం ఖర్చులో స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం దాచి ఇచ్చినది కూడా ఉంది, కాబట్టి జీపు కిరాయి చీటీతో సహా పైసా పైసా లెక్క రాసి వారికే ముందుగా చూపించు.

టిక్కెట్లు ఇంకా కొనలేదని విన్నాను. ముందు అక్కడి కాపరి గారికి నువ్వే ఫోను చేసి, మీరు ఏం చేద్దామనుకుంటున్నారో చెప్పకుండా, ఆ రెండు వారాల్లో వారి సంఘానికి ఏ పని ఉందో, మీ రాక వల్ల ఏదైనా ఇబ్బంది ఉందేమో అడుగు. ఇప్పుడు రావద్దు అంటే మారు మాట్లాడకుండా ఆగిపో. బృందాన్ని ఒప్పించే బాధ్యత నేను తీసుకుంటాను. రమ్మంటే వారు చెప్పిన తేదీలకే టిక్కెట్లు తీయించి, ఆ తేదీలు నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న